కుడివైపు గాటు

మెదడు కోయడమంటే ఉల్లిపాయ తరగడం కాదు. వైద్య కళాశాలలో శరీర నిర్మాణ విభాగం వెనక గదిలో ముప్ఫై ఎనిమిదేళ్లు ఆ పనే చేసిన మనిషికి ఆ సంగతి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. నిన్నగాక మొన్న చేరిన విద్యార్థి దగ్గర్నుంచి విభాగాధిపతి దాకా అందరికీ ఆయన ముక్కల మాస్టారు. చదివింది పల్లెబడిలో ఏడో తరగతి. చేరింది సీసాలు కడిగే పనికి. రెండో ఏడు తిరిగేసరికి, అప్పటిదాకా కోత కోసే పెద్దాయనకు చేతులు వణకడంతో కత్తి ఈయన చేతికొచ్చింది. మళ్లీ పదవీ విరమణ రోజున గానీ దాన్ని కింద పెట్టలేదు.

చేసిన పనులు చెప్పుకోవాలంటే ఒకటా రెండా. ఒక్క మెదడులోని రెండు థాలమస్‌లనూ ముందు నుంచి వెనక్కి, వెంట్రుకలో సగం మందాన, వెయ్యీ నూట నలభై ముక్కలు కోశాడు. ఒక్కటి చిరగలేదు, ఒక్కటి తప్పిపోలేదు. వాటిని పరిచిన గాజు పలకలన్నీ వరస అంకెలతో చెక్కపెట్టెల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. మూడు పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు ఆ పలకల నుంచి తీసినవే. అందులో ఒక పుస్తకం ముందుమాటలో, చివర్లో, చిన్న అక్షరాల్లో, ఆయన పేరుంది. ఆ పేజీ ఆయన వేలి ముద్రలతోనే నల్లబడింది. ఇంకో ఊరి కళాశాలలో ముక్కలు నలిగిన అట్టల్లా వస్తుంటే ఈయన్ని పిలిపించారు. వెళ్లి, బొటనవేలి గోటితో మెదడు దిమ్మను నొక్కి చూసి, "కత్తిది తప్పు కాదు, మీ తొందరది. జిగురులో ఆరు వారాలు నాననివ్వాల్సిన దాన్ని ఆరు రోజులకే తీశారు" అని తిరుగు బస్సెక్కాడు. వాళ్లు పెట్టిన టీ కూడా తాగలేదు.

కొత్త పిల్లలకు ప్రొఫెసరు గంట సేపు చెప్పినా ఎక్కనిది ఈయన పది నిమిషాల్లో ఎక్కించేవాడు. "మెదడు నడిమధ్యలో పక్కపక్కనే రెండు కోడిగుడ్లు పెట్టినట్టుంటుంది థాలమస్. ఒక్కో గుడ్డు నిండా గదులే. ఒక గది చూపుకి, ఒకటి వినికిడికి, ఒకటి కదలికకి. నాకు ముద్దొచ్చే గది వెనకపక్క, కింద, బయటి అంచున ఉంటుంది. దాని పేరు వీపీఎల్. మీ ఒంటి మీద చీమ పాకినా, వేడి సీసా తగిలినా, ముల్లు గుచ్చుకున్నా ఆ కబురు వెన్నులోంచి ఎక్కొచ్చి ముందా గదిలో చెప్పుకోవాలి. అక్కణ్ణుంచే పై మెదడుకి పోతుంది. గదిలో కూడా ఎవరి చోటు వారిదే. కాలు బయటి గోడ పక్కన, చెయ్యి లోపల. మొహానికి పక్కనే వేరే గది. పైకి ఒక తీగ పోతే పై నుంచి పది తీగలు తిరిగొస్తాయి, ఏది గట్టిగా వినాలో ఏది వినక్కర్లేదో చెప్పడానికి. గుర్తుంచుకోండి, ఎడమ చేతి కబురు కుడి గదికే పోతుంది, కుడి చేతిది ఎడమ గదికి. ఇది తారుమారు చేసినవాడు నా గది గుమ్మం తొక్కొద్దు."

తారుమారు కాకుండా ఉండేందుకే గాటు. జిగురులో గట్టిపడిన మెదడు దిమ్మకు కుడివైపు అంచున, ముందు నుంచి వెనక దాకా, కత్తి మొనతో సన్నటి గాటు పెట్టేవాడు. ఆ దిమ్మలోంచి వచ్చిన ప్రతి ముక్కకీ ఆ నొక్కు ఉంటుంది. నీళ్లలో తేలే ముక్క ఇట్టే తిరగబడుతుంది. కుంచెతో పట్టి, నొక్కు తన కుడిచేతి వైపు వచ్చేలా పలక మీద పరిచేవాడు. ఆయన పలకలో కుడివైపు కనిపించేది మెదడుకీ కుడివైపే. పలక మీద ఒక మూల అక్షరం రాసేవాడు గానీ అది ఏ రంగు వేసిందీ చెప్పే గుర్తు మాత్రమే. ముప్ఫై ఎనిమిదేళ్లలో కుడి ఎడమల విషయంలో ఆయన వైపు వేలెత్తి చూపిన నాథుడు లేడు.

ఆయన భార్య దర్జీ. ఒక్కడే కొడుకు, ఉద్యోగానికని దూరదేశం పోయాడు. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని నాలుగు వీధుల పిల్లలకు బడి చొక్కాలు కుట్టేది. ఆవిడ నోరు మంచిదే గానీ మెత్తటిది కాదు. "మీకు నాతో, ఆ కత్తిబల్లతో ఒకే ఏడాది పెళ్లైంది. దాన్నయితే బాగా చూసుకున్నారు" అనేది. ఆయన పని మానేసి ఇంట్లో కూర్చున్న మూడో ఏట, ఒక ఉదయం, సూది కింద గుడ్డ తోస్తున్న ఎడమ చెయ్యి ఉన్నట్టుండి తనది కానట్టు పడిపోయింది. కాలు కూడా మొద్దుబారింది. మాట పోలేదు. "ఏవండీ, నా చెయ్యి ఎక్కడుంది?" అని ఆవిడ అడిగితే ఆయన హాస్యమనుకున్నాడు.

ఆరు రోజులు ఆసుపత్రి. స్కాను తీశారు. చెయ్యి కదిలింది, కాలు నడిచింది. గండం గడిచిందనుకుని ఇంటికొచ్చారు. నెలన్నర తర్వాత మొదలైంది మంట. ఎడమ భుజం నుంచి వేళ్ల దాకా, తుంటి నుంచి పాదం దాకా, సలసల కాగే నూనె పోసినట్టు. దుప్పటి తగిలితే మంట. రవిక చెయ్యి రాసుకుంటే మంట. చన్నీళ్లు పడితే కేక. బట్టలోనే బతికిన మనిషికి బట్ట తగిలితే చాలు ప్రాణం పోతున్నట్టుండేది. మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే ఉండిపోయింది. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఆ చెయ్యి తిరిగి గుడ్డ పట్టుకోవాలి. ఆయనకు కావలసిందీ అదే.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు తల ఎత్తకుండానే చెప్పాడు. "థాలమస్‌లో రక్తం అందక కొంచెం భాగం చచ్చిపోయిందండీ. అది మళ్లీ బతకదు. ఈ మంట దానివల్లే. మాత్రలు రాస్తున్నా, రోజూ వాడాలి. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

"ఏ న్యూక్లియసు బాబూ? వీపీఎల్లా?"

డాక్టరు అప్పుడు తలెత్తాడు. "అవన్నీ మీకెందుకు పెద్దాయనా? మాత్రలు టైముకి వెయ్యండి చాలు."

మాస్టారికి తల తీసేసినట్టయింది. మూడు పుస్తకాల్లో ఎవరి ముక్కలు చూసి ఈ అబ్బాయి పరీక్ష ప్యాసయ్యాడో అడగాలనిపించింది. వెనక వరసలో జనం నెడుతుంటే బయటికొచ్చేశాడు.

ఇంటికొచ్చి స్కాను ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. రెండు గుడ్లూ ఎదుటికొచ్చాయి. పాత స్నేహితుల్ని చూసినట్టుంది. మచ్చ కూడా కనిపించింది, కందిగింజంత, తెల్లగా, వెనకపక్క, బయటి అంచున, సరిగ్గా తన గదిలో. కానీ అది ఆయన ఎడమచేతి వైపుంది. కాగితం మీద రిపోర్టులోనేమో కుడి అని ఉంది. ఫిల్మును కళ్లకు ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. మచ్చ ఎడమ గదిలోనే. ఎడమ గది కుడి చేతిది. మండుతున్నదేమో ఎడమ చెయ్యి.

ఆయన మొహం వెలిగిపోయింది.

"ఒసే, ఇలా రా. వీళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. మచ్చ ఒక పక్కనుంది, రిపోర్టులో ఇంకో పక్క రాశారు. నీ మంటకీ ఈ మచ్చకీ సంబంధమే లేదు! ఇదేదో పాతది, ఊరికే పడున్నది. నీది మెడ దగ్గరో భుజం దగ్గరో నరం నొక్కుకుపోవడం. ఇన్నేళ్లు వంగి కుట్టావు కదా."

"అంటే తగ్గుతుందా?"

"తగ్గక చస్తుందా? నరమన్నాక వదులవుతుంది."

"డాక్టరుకి చెప్పొచ్చుగా మరి?"

"ఆయన వినే రకమా? తల కూడా ఎత్తడు. నాకు తెలుసు కదే!"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. మగత తెప్పిస్తున్నాయని మాత్రలు ఆయనే ఆపించాడు. నరం వదులు కావాలంటే కాపడం పెట్టాలి, మర్దన చెయ్యాలి. పొద్దునా సాయంత్రం ఇరవై నిమిషాలు, వేడి నీళ్లలో ముంచి పిండిన ముతక తువ్వాలుతో భుజం నుంచి వేళ్ల దాకా రుద్దడం మొదలుపెట్టాడు. ఏ పని చేసినా పద్ధతిగా చేసే మనిషి. గోడకు కాగితం అంటించి, రోజుకు రెండు గళ్లు గీసి, ఆవిడ చెప్పినదాన్నిబట్టి గుర్తు పెట్టేవాడు.

"నిన్నటికన్నా ఎలా ఉంది?"

"కొంచెం నయమే."

"చెప్పానా!"

రుద్దుతున్నంత సేపూ ఆవిడ కుడి చెయ్యి తొడ కింద పెట్టి నొక్కి పట్టుకునేది. కళ్లు మూసుకునేది. పెదవులు కదిలేవి, ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు. నరం వదులయ్యేటప్పుడు నొప్పి ఉంటుందని ఆయన ముందే చెప్పాడు. అందుకని ఆవిడ ఒళ్లు బిగిసినప్పుడల్లా ఆయనకు పని జరుగుతున్నట్టే తోచేది.

బావమరిది బస్సు డ్రైవరు. వారానికొకసారి వచ్చి అక్కని చూసి వెళ్లేవాడు. ఒకరోజు సరిగ్గా మర్దన వేళకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బావా, ఏం చేస్తున్నావు? అక్క మొహం చూశావా ఒక్కసారి?"

"నువ్వూరుకోరా. స్టీరింగు తిప్పినంత తేలికనుకున్నావా ఇది?"

"నా బస్సులో ఎవరికైనా నొప్పంటే నేను ఆసుపత్రి ముందు ఆపుతాను గానీ టూల్‌బాక్సు తెరిచి వైద్యం చెయ్యను."

"మీ డాక్టర్లకి కుడేదో ఎడమేదో తెలీదురా. నేను వెయ్యీ నూట నలభై ముక్కలు కోసినవాణ్ణి."

"కోశావు, కాదన్నానా? అవన్నీ చచ్చినోళ్ల తలలు బావా. మా అక్క బతికుంది."

మాస్టారు తువ్వాలు బకెట్లో పడేసి లేచాడు. ఆయన ఏమనేవాడో గానీ ఆవిడే మధ్యలో అందుకుంది. "ఒరేయ్, మీ బావ చెప్పింది ఇప్పటిదాకా తప్పలేదు. నాకు నయంగానే ఉంది. నువ్వు టీ తాగి వెళ్లు." తమ్ముడు టీ తాగలేదు. అక్క ఎడమ చేతి వంక చూసి, ముట్టుకోబోయి, మానేసి వెళ్లిపోయాడు.

పదకొండు వారాలు. గోడ మీద కాగితం గుర్తులతో నిండింది. ఆ గుర్తులన్నీ నిజమైతే ఈపాటికి ఆవిడ మిషను తొక్కుతూ ఉండాలి. ఆవిడ మాత్రం రవిక ఎడమ చెయ్యి తొడుక్కోవడమే మానేసింది, మీద వదులుగా గుడ్డ కప్పుకుని కూర్చుంటోంది. మర్దనకు లొంగకపోతే ఇక ఆపరేషనే, నరాన్ని కోసి వదులు చెయ్యాలి అనుకున్నాడు మాస్టారు. ఊరికే వెళ్తే ఆ కుర్ర డాక్టరు దగ్గరికే తోస్తారు. పెద్దవాళ్ల చేత ఉత్తరం రాయించుకుపోవాలి. ఫిల్ము చంకలో పెట్టుకుని కళాశాలకు బయల్దేరాడు.

ఇప్పుడు ఆ విభాగానికి అధిపతి ఒకప్పుడు ఈయన గదిలో కుంచె పట్టడం నేర్చుకున్న అమ్మాయి. మొదటి ఏడు ఆవిడ చేతిలో పదిహేను ముక్కలు చిరిగితే ఈయన పదిహేనుసార్లు తిట్టాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది. ఈయన్ని చూడగానే కుర్చీలోంచి లేచింది.

"రండి మాస్టారూ! మీ పెట్టెలు ఇవాళ పొద్దున కూడా తీశాం. పిల్లలు ఆ నూట తొంభయ్యో పలక చూసి నోళ్లు వెళ్లబెట్టారు."

"వెళ్లబెడతారమ్మా. అది అలాంటి పలక." ఆయన కూర్చోలేదు. ఫిల్ము తీసి, వెలుగుపెట్టె మీద బిగించాడు, తన పాత గదిలో ఉన్నంత చనువుగా. "ఇది మా ఇంట్లో దానిది. చూడు, వీపీఎల్లో మచ్చ. ఎడమ పక్క. నొప్పేమో దానికి ఎడమ ఒంట్లోనే. రిపోర్టు రాసినవాడు నొప్పికి సరిపోవాలని కుడి అని గీకి పారేశాడు. ఇలాంటివాళ్లు డాక్టర్లు! నువ్వు నరాల సర్జనుకి ఒక ఉత్తరం రాసిపెట్టు."

ప్రొఫెసరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఫిల్ము చూసింది. ఆయన వంక చూసింది. కుర్చీ ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి మాస్టారూ."

"పర్లేదమ్మా, నువ్వు రాయి."

"కూర్చోండి." ఆవిడ గొంతు తగ్గింది. "మన పలకలకి మీరు గాటు పెడతారు. వీటికి ఉండదు. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటే, కాళ్ల దగ్గర నిలబడి మనం చూస్తున్నట్టు తీస్తారు ఈ ఫిల్ములు. ఎదురుగా ఉన్న మనిషి కుడి చెయ్యి మనకెటు ఉంటుంది?"

ఆయన చూపు తన కుడి చేతి మీదికి, అక్కణ్ణుంచి ఎదురుగా ఉన్న ఆవిడ కుడి చేతి మీదికి పోయింది.

"అంచున ఈ అక్షరం చూశారా? చిన్నది, ఆర్. ఇటువైపు కుడి అని చెప్పడానికే అది."

ఆయన చూశాడు. అక్షరం మొదటి రోజే చూశాడు. తన పలకల మీద రంగు గుర్తులాగా ఇదీ స్కాను మిషనుకు సంబంధించిన గుర్తేదో అనుకున్నాడు. ఎవర్నీ అడగలేదు. ఆయన్ని అందరూ అడిగేవాళ్లు. ఆయన ఒకర్ని అడగడం ఎప్పుడో సీసాలు కడిగే రోజుల్లో ఆగిపోయింది.

"అయితే కుడి గదే" అన్నాడు చివరికి.

"కుడి గదే."

"చెయ్యి ఉండే చోటే."

"చెయ్యి ఉండే చోటు, కొంచెం కాలు ఉండే చోటు. మొహం గదిని తాకలేదు. మీకు నేను చెప్పాలా!"

ఆవిడ చెప్పక్కర్లేదు. వెన్నులోంచి ఎక్కే తీగలు ఏ వంపు తిరిగి ఆ గదికి చేరతాయో, ఏ సన్నని రక్తనాళం దాన్ని బతికిస్తుందో, అది పూడుకుపోతే ఏది మిగిలి ఏది పోతుందో ఆయనకు కళ్లు మూసినా కనిపిస్తుంది. ఆయన వరసగా అన్నీ పైకే చెప్పాడు, పిల్లలకు చెప్పినట్టు, ఎక్కడా తడబడకుండా.

"మరి మందు?"

"ఆ మాత్రలే మాస్టారూ. కొందరికి సగం తగ్గుతుంది. కొందరికి అదీ ఉండదు."

"మొదట్నుంచీ ఆపకుండా వేసి ఉంటే?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "తెలీదు. కొంత తేడా ఉండేదేమో."

"రోజూ రెండు పూటలా తువ్వాలుతో రుద్దానమ్మా. వేడి నీళ్లతో."

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మచ్చ దానివల్ల పెరగదు" అంది. పదకొండు వారాలు, రోజుకి రెండు పూటలు, నూట యాభై నాలుగు సార్లు. ఆ లెక్క ఆయన తలలో తనంతట తానే తేలింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన రాగానే అలవాటుగా గుడ్డ తీసి ఎడమ చెయ్యి ముందుకు చాపింది.

"వద్దే. ఇక లేదది."

"ఏమైంది? ఉత్తరం రాయలేదా?"

ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఫిల్ము ఎటు నుంచి చూడాలో, తను ఎటు నుంచి చూశాడో. డాక్టరు మొదటి రోజు చెప్పిందే నిజమని, నరం ఏదీ నొక్కుకోలేదని. ఆవిడ వింటూనే చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని గుడ్డ కప్పుకుంది.

"రోజూ నయమే నయమే అన్నావు కదే. ఎందుకన్నావు?"

"మీరు అంత గట్టిగా చెబుతుంటే ఏమనాలి? ముప్ఫై ఎనిమిదేళ్లు అదే చూసిన మనిషి కదా, నా తల సంగతి నాకన్నా మీకే తెలుసనుకున్నా."

"ఎంత నొప్పెట్టింది?"

"ఇప్పుడెందుకది."

"చెప్పవే."

"పిల్లాణ్ణి కన్నప్పుడు ఒకరోజు పడ్డాను. ఇది రోజుకి రెండుసార్లు." ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, ఎవరిదో కొలత చెబుతున్నట్టు చెప్పింది. నిష్ఠూరమాడి ఉంటే ఆయనకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. ఒక నెల, రెండు నెలలు. డాక్టరు మోతాదు పెంచాడు, మార్చాడు, ఇంకొకటి కలిపాడు. ఆవిడకు నిద్ర పెరిగింది, మాట మందమైంది. మంట అక్కడే ఉంది. డాక్టరు ఇప్పుడు తలెత్తి మాట్లాడుతున్నాడు గానీ చెప్పడానికి ఆయన దగ్గర కొత్తదేమీ లేదు. మిషను బావమరిది వచ్చి పట్టుకెళ్లాడు, తమ వీధిలో ఎవరో కుట్టుకుంటారని. బావ వంక చూడకుండా పని చేశాడు. చూసి ఏదైనా అంటే బాగుండునని మాస్టారికే అనిపించింది.

ఎండ ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడకు మగత విడిచి, కొంచెం తెలివిగా ఉంది.

"ఏవండీ, ఊళ్లో పిల్లలందరికీ చెప్పారు గానీ నాకెప్పుడూ చెప్పలేదు. అసలేమిటా గది?"

ఆయన చెప్పాడు. రెండు గుడ్లు, గదులు, వెనకపక్క, కింద, బయటి అంచు. చీమ పాకినా ముల్లు గుచ్చుకున్నా కబురు ముందక్కడికే పోతుందని. చెయ్యి చోటు ఎక్కడో, కాలు చోటు ఎక్కడో. పై నుంచి తిరిగొచ్చే తీగల సంగతి కూడా. నెమ్మదిగా, ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాడు. అంత బాగా ఎప్పుడూ, ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ శ్రద్ధగా విన్నది. "మరి ఆ గది చచ్చిపోయిందన్నారు కదా. అక్కడ వినేవాళ్లెవరూ లేరు కదా. ఇంకా ఈ మంట ఎవరికి తెలుస్తోంది?"

మాస్టారు నోరు తెరిచాడు. తీగలన్నీ కళ్ల ముందున్నాయి. వచ్చేవి వచ్చే దారిలో, పోయేవి పోయే దారిలో, ఒక్కటీ తప్పిపోకుండా.

"తెలీదే" అన్నాడు.

ఆవిడ తల ఊపింది, అంతేలే అన్నట్టు. ఎడమ చేతి మీద గుడ్డ గాలికి కదులుతోంది.

"ఆ ఫ్యాను ఆపండి" అంది. ఆయన లేచి ఆపాడు. గదిలో గాలి ఆగిపోయింది. ఇద్దరూ ఆ ఉక్కలో, ఒకరికొకరు తగలకుండా, కూర్చున్నారు.